గణకయంత్రపు లయ

కడపనుండి కమలాపురమునకు పోవు బాటలో వల్లూరు కలదు. నేడది యొక మండల కేంద్రము. బస్సు నిలిచి కదలునంతలో చూచి ముగింపదగిన యూరు. కాని 13వ శతాబ్దమున, కాకతీయుల యేలుబడిలో, మార్జవాడి సీమకిదియే రాజధాని. గంగయ సాహిణి, త్రిపురాంతకుడు, అంబదేవుడు మొదలగు కాయస్థ నాయకుల పేర్లు ఈ వల్లూరితో ముడివడియున్నవి. రుద్రమదేవిని ధిక్కరించి అంబదేవుడు స్వతంత్రించిన కథ మన చరిత్ర చదివినవారు ఎరుగనిది కాదు.

ఆ కాలమున గడియారమనగా నీటి గడియారము. అడుగున సన్నని చిల్లిగల రాగిగిన్నెను నీటితొట్టిలో తేల్చి యుంచెడివారు. నీరెక్కి గిన్నె మునిగినచో ఒక ఘడియ. కావలివాడు గంట కొట్టి, గిన్నెను మరల తేల్చును. దినమునకు 60 ఘడియలు. ఘడియకు మన లెక్కలో 24 నిమిషములు. ఈ యేర్పాటులో ఒక చిక్కు కలదు. చిల్లిలో పాచి చేరినచో గిన్నె ఆలస్యముగ మునుగును. అప్పుడు గంట కొట్టువాడు సోమరి యగుట లేదు, గంట పగులుట లేదు. అయినను ఊరి పనులన్నియు వెనుకబడును. తప్పు ఎక్కడో కంటికి ఆనని చిల్లిలో నున్నది.

2010వ సంవత్సరపు వేసవిలో, అదే వల్లూరిలో, ఇట్టి చిల్లి నొకదానిని నేను వెదకవలసి వచ్చినది. అది నీటి గడియారములోనిది కాదు, ఒక కంప్యూటరులోనిది.

నాకు దూరపు చుట్టమైన ఒకామె అచ్చట టైపింగు అంగడి నడుపుచుండెను. మండల కార్యాలయమునకు వచ్చు రైతులకు అర్జీలు, అఫిడవిట్లు, అమ్మకపు దస్తావేజుల చిత్తుప్రతులు తెలుగులో కొట్టి యిచ్చుట ఆమె జీవనము. భర్త లేడు, ఇద్దరు పిల్లలు చదువుకొనుచుండిరి. అంగడిలోని కంప్యూటరు 2002 నాటిది. ప్రొద్దుటూరిలో పాతసరుకుగా కొన్నది. దాని పెట్టెయు, లోపలి ప్రాసెసరు కొన్నప్పటి అట్టపెట్టెయు ఆమె భద్రముగ దాచి యుంచినది. నేను పోవుసరికి నలుగురు రైతులు బయట అరుగుమీద కూర్చుండి యుండిరి.

“మామా, ఇది ముసిల్దయిపోయింది. ఒక కాయితం తెరిసేలోపల టీ తాగి రావచ్చు. నాలుగు నెల్లనుంచీ ఇదే తంతు. జనం విసిగి కడపకు పోతాండారు” అని ఆమె వాపోయినది. మరమ్మతు చేయువాడొకడు వచ్చి చూచి, “ప్రాసెసరు అరిగిపోయిందక్కా, కొత్త మిషను తీసుకో” అని చెప్పి పోయినాడట. కొత్తది ఇరువది వేలు. అంత సొమ్మును అప్పు తెచ్చినను చిక్కు తీరదు. ఏలయన, ఆమె యొద్దనున్న తెలుగు అక్షరముల సాఫ్ట్‌వేరు పాతకాలపుది. యూనికోడ్ అను సర్వదేశ లిపి సంకేతములలో తెలుగు 1991లోనే చేరినను, మన అచ్చుపని యంగళ్లు చాలకాలము తమ తమ సొంత సంకేతములతోనే నడచినవి. ఆ సాఫ్ట్‌వేరు నడచుటకు ప్రింటరు తగిలించు పాత రంధ్రములో ఒక తాళపుబిళ్ల నుంచవలెను. కొత్త కంప్యూటర్లకు ఆ రంధ్రమే లేకుండబోయెను. తాళపుబిళ్ల లేనిచో ఆమె యెనిమిదేండ్లుగ కొట్టిన కాగితములన్నియు చదువరాని పిచ్చిగీతలగును.

ప్రాసెసరు అరిగిపోవుట యనుమాట నాకు నమ్మ శక్యము కాలేదు. తిరుగలి రాయి అరుగును, బండి యిరుసు అరుగును. ప్రాసెసరు చెడినచో చెడును. యంత్రము నిలిచిపోవును, లేదా తప్పులు చేయును. అంతేకాని ముసలితనమున నడక మందగించు వస్తువు కాదది. దాని నడక దాని చేతిలో లేదు. వెలుపలినుండి వచ్చు లయను బట్టి అది పనిచేయును. ఆ లయ యెచ్చటినుండి వచ్చుచున్నదో తెలియుటకు కొంత పూర్వకథ చెప్పవలసియున్నది.

1880లో ఫ్రాన్సు దేశమున పియరీ క్యూరీ, ఆయన యన్న జాక్ క్యూరీ, కొన్ని స్ఫటికములను నొక్కినచో వానిలో విద్యుత్తు పుట్టునని కనిపెట్టిరి. దీనికి తలక్రిందులైనదియు నిజము: విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము కంపించును. స్ఫటికపు పలుకను ఏ కొలతకు కోసిన, ఆ కొలతకు తగిన వేగముననే అది కంపించును. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు వారెన్ మారిసన్ ఈ సూత్రముతో గడియారమును నిర్మించెను. రేడియో ప్రసార కేంద్రములు తమ తరంగమును తొలగిపోకుండ నిలుపుకొనుటకు స్ఫటికమునే ఆశ్రయించినవి. 1963లో ఆరంభమైన కడప ఆకాశవాణిని మన యిండ్లలో 900 కిలోహెర్ట్జులకు ముల్లు త్రిప్పి విన్నాము గదా. అనగా సెకనుకు తొమ్మిది లక్షల కంపనములు. ముల్లు ఒకే గీతమీద నిలిపినచో ఏండ్ల తరబడి అదే కేంద్రము పలుకుట ఆ స్ఫటికపు పలుక యొక్క పుణ్యము.

నాటి మన ఉమ్మడి రాష్ట్రమున కంప్యూటరు నిర్మాణమునకు పునాది హైదరాబాదులో పడినది. 1967లో డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఈ.సి.ఐ.ఎల్., వెలసినది. ట్రాంబే శాస్త్రజ్ఞుల కృషితో రూపొందిన టి.డి.సి.–12 అను కంప్యూటరు 1969లో ఆ సంస్థ పేర వెలువడినది. అది గదిలో నిలుచు యంత్రము. గృహస్థునకు దానితో పనిలేదు.

గృహస్థుని బల్లమీదికి కంప్యూటరును తెచ్చినది 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వారు విడుదల చేసిన యంత్రము. ఇందులో ఒక విచిత్రము కలదు. దానిలోని ఇంటెల్ 8088 ప్రాసెసరు 5 మెగాహెర్ట్జులకు తగినదని నిర్మాతల ముద్ర. అనగా సెకనుకు ఏబది లక్షల లయలు. కాని ఐ.బి.ఎం. వారు దానిని 4.77తోనే నడిపిరి. కారణము టెలివిజను! అమెరికాలో రంగుల టెలివిజనుకు 3.58 మెగాహెర్ట్జుల లయ యొకటి కావలెను. దానికి నాలుగు రెట్లైన 14.318 మెగాహెర్ట్జుల స్ఫటికము నొకదానిని పెట్టి, నాలుగిట భాగించి టెలివిజనుకును, మూటిట భాగించి ప్రాసెసరుకును ఇచ్చిరి. ఒక స్ఫటికపు ఖరీదు కలిసివచ్చినది. కావున తన కొలతకన్న తక్కువ వేగమున నడచు ప్రాసెసరు, బల్లమీది కంప్యూటరుతోపాటే పుట్టినదనవచ్చును. 4.77 మన కడప కేంద్రపు లయకు ఇంచుమించు అయిదు రెట్లు మాత్రమే.

1984లో వచ్చిన వారి తరువాతి యంత్రము 6 మెగాహెర్ట్జులది. దాని 12 మెగాహెర్ట్జుల స్ఫటికమును ఊడబెరికి 16ది తగిలించి, 8తో నడుపుకొనిన గడుసువారు కొందరుండిరి. కంపెనీవారు దీనిని పసిగట్టి, వేగము మించినచో యంత్రము మొదలే కదలకుండ తరువాతి వానిలో కట్టడి చేసిరి. అత్తకు కోడలు, కోడలికి అత్త అన్నట్లు సాగినది.

ఆ దశాబ్దపు చివర పెట్టె ముంగట ‘టర్బో’ అని వ్రాసిన మీట యొకటి కనబడెడిది. పేరు చూచి వేగము హెచ్చించునది అనుకొందుము. దాని యసలు ప్రయోజనము వేగము తగ్గించుట! పాత ఆటల కార్యక్రమములు 4.77 లయకు లెక్కగట్టి వ్రాయబడినవి. వేగమైన యంత్రములో వానిని ఆడినచో బొమ్మలు కంటికి కనబడకుండ పరుగెత్తెడివి. అందుచేత వెనుకకు తగ్గుటకొక మీట. పొరపాటున దానిని తగ్గింపులో నుంచి, ఆ సంగతి మరచి, యంత్రము చెడినదని దుకాణమునకు మోసుకొనిపోయినవారు అప్పుడెందరో!

1992లో మరియొక మార్పు జరిగినది. ప్రాసెసర్ల వేగము పెరుగుచుండగా దాని చుట్టునున్న మదర్‌బోర్డు ఆ వేగమును అందుకొనలేకపోయెను. అప్పుడు ఇంటెల్ వారు 486 డి.ఎక్స్.2 అనుదానిని తెచ్చిరి: బోర్డు లయ 33, లోపలి ప్రాసెసరు లయ దానికి రెట్టింపు 66. ప్రొద్దుటూరి నూనెమిల్లులు చూచినవారికి ఇది తేటతెల్లము. మిల్లు పొడవునను ఒక ఇరుసు తిరుగుచుండును. ఆ యిరుసుమీది చక్రము పెద్దది, యంత్రముమీది చక్రము చిన్నది, నడుమ పట్టా. ఇరుసు ఒక చుట్టు తిరిగిన యంత్రము రెండు చుట్లో మూడు చుట్లో తిరుగును. ఇరుసు లయను మూలలయ యందము. మెకానిక్కులు దానిని ఎఫ్.ఎస్.బి. అందురు. చక్రముల నిష్పత్తి గుణకము. ఈ రెండింటి లబ్ధము ప్రాసెసరు వేగము. గుణకము ఎంత సరిగనున్నను ఇరుసు నెమ్మదించినచో యంత్రము నెమ్మదించక తప్పదు.

మొదట ఈ లెక్కలను బోర్డుమీది చిన్న చిన్న పిన్నులకు ‘జంపర్లు’ తొడిగి నిర్ణయించెడివారు. జంపరు కదలదు, మరవదు. 1990ల చివరికి ఈ నిర్ణయమును బయోస్ అను మూలకార్యక్రమపు తెరమీద వ్రాసుకొను పద్ధతి వ్యాపించినది. వ్రాసినది నిలుచుటకు బోర్డుమీద ఒక చిన్న జ్ఞాపకస్థానము, దానిని మెలకువగ నుంచుటకు నాణెమంత బ్యాటరీ. అదే బ్యాటరీ తేదీని, గంటను నడుపు చిన్న గడియారమునకు కూడ ఆధారము. ఆ గడియారపు స్ఫటికము సెకనుకు 32,768 కంపనములది. చేతిగడియారములలో నుండునదియు ఇదియే. సౌకర్యము హెచ్చినది, కాని యంత్రపు జ్ఞాపకము మూడు వోల్టుల బిళ్లమీద ఆధారపడినది.

ఇక వల్లూరికి మరలుదము.

నేను మొదట పొరబడినాను. మన కడప యెండ తెలిసినదే గదా. పైగా ఆ సీమ నాపరాళ్ల దుమ్ము. పెట్టె విప్పగా ఫంకా రెక్కల నడుమ దుమ్ము దూదివలె పేరుకొనియున్నది. వేడి వలననే నెమ్మదించినదని నిశ్చయించి, గంటసేపు కుంచెతో దులిపి శుభ్రపరచితిని. మరల నడిపిన ఎప్పటివలెనే యున్నది. అప్పుడు గుర్తు వచ్చినది: వేడెక్కినచో తన లయలను తానే వదలుకొని చల్లబడు ఏర్పాటు ఇంటెల్ వారి పెంటియం 4లో కలదు. ఈ పెట్టెలోనిది పెంటియం కాదు, ఎ.ఎం.డి. వారి అథ్లాన్ ఎక్స్.పి. ఆ ప్రాసెసరుకు ఆ విద్య రాదు. వేడి మితిమీరినచో అది నిలిచిపోవును కాని నెమ్మదింపదు. గంట వ్యర్థమైనను ఫంకా బాగుపడినది.

పిమ్మట యంత్రమును ఆర్పి వెలిగించి, మొదటి తెరను నిదానముగ చదివితిని. ఆ తెరను ఎవరును చదువరు. ఎప్పుడు పోవునా యని కాచుకొందురు. అందులో వేగము 1250 అని యున్నది. ఆమె దాచిన అట్టపెట్టెమీద ‘2000+’ అని యున్నది. క్రింద ఆంగ్లమున నొక హెచ్చరిక: దాచిన నిర్ణయములు చెడినవి, మొదటి నిర్ణయములే వేసితిమి, సాగుటకు ఎఫ్–1 నొక్కుడు.

“ఇది ఎప్పటినుంచీ వస్తాంది?” అని యడిగితిని.

“అదా? అది పొద్దున్నే రోజూ వస్తాది మామా. ఒకటి నొక్కితే పోతాది గదా” అనినది ఆమె.

తేదీ చూడగా 2002 జనవరి 1. అక్కడితో చిల్లి దొరికినది. బ్యాటరీ చచ్చినది. రాత్రి అంగడి మూయునపుడు ఆమె గోడమీది స్విచ్చి ఆర్పును, జాగ్రత్తపరురాలు. దానితో బోర్డు తన జ్ఞాపకమును కోల్పోవును. ప్రొద్దున మేల్కొనినప్పుడు తనకు తగిలించిన ప్రాసెసరు ఎట్టిదో తెలియక, ఎవనికిని హాని కలుగని 100 మెగాహెర్ట్జుల మూలలయను ఎంచుకొనును. ఈ ప్రాసెసరుకు వలసినది 133. గుణకము పన్నెండున్నర, అది ప్రాసెసరులోనే ముద్రింపబడినది, మారదు. నూటిని పన్నెండున్నరతో గుణించిన 1250. 133.33ను గుణించిన 1667. నాలుగింట మూడుపాళ్ల వేగముతో నాలుగు మాసములు ఆ యంత్రము నడచినది. దానితోపాటు జ్ఞాపకపు చిప్పలును అదే యిరుసుకు కట్టుబడి నెమ్మదించినవి.

ఆ చిప్పలు 133కు తగినవేనా యని వానిమీది చీటీ చూచి, తగినవని తెలిసిన పిమ్మటనే బయోస్ తెరలో 100ను 133గ మార్చితిని. తగని చిప్పలున్నచో ఈ మార్పు యంత్రమును నిలిపివేయును. మరల వెలిగించగా 1667 కనబడినది. నేను సంతోషించి కడపకు పోతిని. మరునాడు ప్రొద్దున ఫోను: “మామా, మళ్లా ముసిల్దయింది!” బ్యాటరీ మార్చకయే లెక్క దిద్దిన నా తెలివికి ఏమనవలెను? రాత్రి స్విచ్చి ఆర్పగానే దిద్దినదంతయు పోయినది. సి.ఆర్.2032 అను బిళ్లను కడపలో ఒక గడియారముల మరమ్మతు అంగడిలో ముప్పది రూపాయలకు కొని, మధ్యాహ్నపు బస్సెక్కితిని.

బిళ్ల మార్చి, తేదీ దిద్ది, లయ దిద్ది, స్విచ్చి ఆర్పి, అరగంట ఆగి వెలిగించితిమి. నిలిచినది. కాని వేగము మూడవ వంతు పెరిగినంత మాత్రమున టీ త్రాగి వచ్చునంతటి ఆలస్యము తీరునా? తీరలేదు. కాగితము తెరచుటకు ఇంకను జాగు. వెదుకగా మరియొక కారణము బయటపడినది. విండోస్ ఎక్స్.పి.లో ఒక నియమము కలదు: డిస్కునుండి తెచ్చుటలో ఆరుమారులు తప్పు జరిగినచో, అది డిస్కును నమ్ముట మాని, ప్రతి యక్షరమును ప్రాసెసరు చేతనే మోయించును. చెరువునుండి కాలువ త్రవ్వియుండగా ఇంటి యజమాని బిందెతో మోసుకొనుట వంటిది. ఆ మార్గపు పేరును పట్టికలోనుండి తొలగించి యంత్రమును మరల వెలిగించినచో అది కొత్తగ గుర్తించి కాలువను తెరచును. అట్లే చేసితిమి; డిస్కు తీగ కొంత వదులైయున్న దానిని బిగించితిమి. అప్పుడు కాగితము చిటికెలో తెరచుకొన్నది.

ఆమె తెరవంక చూచి, “మామా, పెట్టెమీద రెండువేలు ఉండాది. ఇక్కడ పదహారు నూర్ల అరవై ఏడే. తక్కిన మున్నూరు ముప్పై మూడూ ఎవురు తిన్యారు?” అని యడిగినది.

అది ఎవరును తినలేదు. 2000 నవంబరులో ఇంటెల్ వారు పెంటియం 4ను తెచ్చినపుడు దాని లయ ఎక్కువ, ఒక్కొక్క లయకు జరుగు పని తక్కువ. అథ్లాన్ లయ తక్కువ, పని ఎక్కువ. కొనువాడు మాత్రము లయ సంఖ్యనే చూచును. అందుచేత 2001 అక్టోబరునుండి ఎ.ఎం.డి. వారు లయను చెప్పుట మాని, పనికి తగిన యొక సంఖ్యను పేరుగ వేసి దాని ప్రక్కన కూడికగుర్తు పెట్టిరి. తమ పాత అథ్లానుతో పోలిక యని వారు చెప్పిరి. బజారు దానిని పెంటియంతో పోలికగనే గ్రహించినది. జమ్మలమడుగు నేతగానికి ఇది వింత కాదు. నూలు నలుబదో నంబరనిన నలుబది పోగులని కాదు, నలుబది తులములని కాదు; ఆ నంబరుకు వేరొక లెక్క కలదు. ఆమె పుట్టినిల్లు మగ్గముల యిల్లు, వెంటనే నవ్వినది.

అరుగుమీద ఒక రైతు అప్పటికి రెండు గంటలుగ వేచియుండెను. ఫిబ్రవరిలో తాను తహసీలుదారునకు పెట్టిన సరిహద్దు అర్జీ నకలు ఆయనకు కావలెను. కాగితము పోగొట్టుకొనెను, కంప్యూటరులో నుండునని ఆశ. అంతకుముందు మూడుమార్లు వచ్చి, దొరకక తిరిగి పోయినాడట. ఆమె ఎప్పటివలెనే ఫిబ్రవరి తేదీలలో వెదకినది, అచ్చట నెట్లుండును? బ్యాటరీ చచ్చిన నాటినుండి ప్రతి యుదయమును ఆ యంత్రమునకు 2002 జనవరి 1యే. నాలుగు మాసముల అర్జీలు, అఫిడవిట్లు అన్నియు ఒకే దినమున వ్రాసినట్లు, పాత పద్దుల యడుగున, గుట్టగా పడియున్నవి. మూడువందల చిల్లర. వానిని ఒక్కొక్కటిగ తెరచి, లోపల టైపు చేసిన తేదీని చూచి, పేరు మార్చుచు పోవలసినదే. యంత్రము మునుపటి నడకతో నున్నచో అది రెండుదినముల పని.

నూటయెనుబదో కాగితము దగ్గర, దీపాలు పెట్టు వేళకు, ఆ రైతు పేరు కనబడినది. ఆమె నకలు తీసి యిచ్చి పదిరూపాయలు తీసికొని, తక్కినవానిని తెరచుటకు మరల కూర్చున్నది. నేను చివరి బస్సునకు లేచితిని.